హైవే 380 మీద జాక్స్‌బొరో వైపు హిస్టారికల్ మార్కర్లు: ఆగి చూడదగ్గవేనా?

లిటిల్‌ఎల్మ్_రాజు
మావాడికి నాలుగో తరగతిలో టెక్సస్ హిస్టరీ ప్రాజెక్టు ఇచ్చారు. ఒక ఫ్రాంటియర్ కోట (అప్పట్లో తెల్లవాళ్ళ ఊళ్ళు ఆగిపోయే సరిహద్దులో సైన్యం కట్టినది) చూడాలి, మార్కర్ల ఫొటోలు తీసి వాటి గురించి రాయాలి. సరే కదా అని శనివారం పొద్దున్నే పులిహోర డబ్బాల్లో సర్దుకుని 380 పట్టుకుని పడమరకి బయల్దేరాం. డెంటన్ దాకా మామూలు నరకమే. డికేటర్ దాటాక రోడ్డు ఖాళీ, హాయిగా ఉంది.

అసలు గోల అక్కడే మొదలైంది. "హిస్టారికల్ మార్కర్ ఒక మైలు" అని బోర్డు కనిపిస్తుంది. ఆపి దిగితే ముళ్ళతీగ కంచె పక్కన ఒక అల్యూమినియం పలక, దాని వెనక మెస్కీట్ తుప్పలు. ఊరు లేదు, కోట లేదు, గోడ ముక్క కూడా లేదు. మూడోసారి ఆపేసరికి మా ఆవిడ కారు దిగనంది. ఆ తర్వాత ఒక చిన్న మ్యూజియానికి వెళ్తే తలుపుకి తాళం. జాక్స్‌బొరో మెయిన్ రోడ్డు చూసి వెనక్కి తిరిగాం.

నా ప్రశ్న ఒకటే. ఏమీ మిగలని చోట పలక పాతడం ఎందుకు? ఆ వైపు తిరిగినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మళ్ళీ వెళ్ళడం దండగేనా? ప్రాజెక్టుకి నెలాఖరు దాకా టైముంది.

గోంగూర_380
ప్రాస్పర్ నుంచి డెంటన్ దాకా శనివారం పొద్దున వెళ్ళగలిగారంటే ముందు దానికి పెట్టాలి మార్కర్.

వీకెండ్_వాసు
దండగే బ్రో. ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి తీసుకెళ్ళు. రోజుకి రెండుసార్లు లాంగ్‌హార్న్‌లని వీధిలో నడిపిస్తారు, పక్కనే తిండి, ఫొటోలు బాగా వస్తాయి. పిల్లలకి అంతకంటే ఏం కావాలి.

పాతబాటసారి
రాజు గారూ, మీరు జాక్స్‌బొరో దాకా వెళ్ళి ఫోర్ట్ రిచర్డ్‌సన్ చూడకుండా వచ్చేశారా! ఊరిని ఆనుకునే ఉంటుంది, స్టేట్ పార్కు. 1867లో కట్టిన కోట, 1878లో సైన్యం వదిలేసింది. పదకొండేళ్ళే బతికినా అప్పట్లో ఈ సరిహద్దు మొత్తానికి అదే పెద్ద దిక్కు. ఇసుకరాయితో కట్టిన ఆసుపత్రి ఇప్పటికీ నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి చూడండి, గోడలు ఎంత మందమో.

ఇక ఏమీ లేని చోట పలక ఎందుకంటారా, కారణాలు రెండు. ఒకటి, టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటే. అసలు సంఘటన ఎక్కడో రాంచ్ లోపల జరిగి ఉంటుంది, పలక మాత్రం హైవే పక్కన ప్రభుత్వ స్థలంలో పెడతారు. రెండోది, ఈ సరిహద్దులో కట్టినవే తక్కువ. గుంజలు పాతి మట్టి మెత్తిన ఇళ్ళు. అవి నూట యాభై ఏళ్ళు నిలవవు. మిగిలింది కథ ఒక్కటే, ఆ కథ పలక మీద ఉంది. మీరు ఆగిన మూడు చోట్లా పలక చదివారా, లేక వెనకాల ఏముందా అని చూశారా?

లిటిల్‌ఎల్మ్_రాజు
@పాతబాటసారి చదివాం సార్. పేర్లు, తేదీలు. సగం చదివేసరికి మావాడు కారెక్కేశాడు. కోట ఊరిని ఆనుకునే ఉందని ముందే తెలిసుంటే బాగుండేది.

కరీంనగర్_కాకా
వాసు తమ్మీ, స్టాక్‌యార్డ్స్‌ల నడిపేది షో. ఆవులు అసలు నడిచిన తొవ్వ కావాల్నంటే గీ జాక్స్‌బొరో పక్కపొంటి యంగ్ కౌంటీలనే ఉంది. 1866ల చార్లెస్ గుడ్‌నైట్, ఆలివర్ లవింగ్ ఇద్దరు గలిసి ఫోర్ట్ బెల్నాప్ దగ్గర్నుంచే మందను తోలుకొని న్యూమెక్సికో దిక్కు పోయిన్రు. మా పోరగాండ్లకు గదే చూపిచ్చిన. గ్రాహం ఊర్ల ఇంకో మార్కర్ ఉంటది, పశువుల దొంగతనాలు ఆపాల్నని 1877ల అక్కడి రాంచోళ్ళు ఓక్ చెట్టు కింద కూసోని సంఘం పెట్టుకున్నరని. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తుంది.

మెస్కీట్_మావయ్య
కంచె దాటే ఉద్దేశం ఎవరికైనా ఉంటే ఒక్క మాట. చెట్టు మీదో, గుంజ మీదో నిలువుగా ఊదా రంగు గీత కనిపిస్తే చట్టప్రకారం అది "లోపలికి రావద్దు" అన్న బోర్డుతో సమానం. నేనూ మా బావమరిదీ ఇలాగే ఫొటో కోసం నాలుగడుగులు లోపలికి వేశాం. ఐదు నిమిషాల్లో పికప్ వచ్చి ఆగింది. పెద్దాయన మంచివాడు, ఏం కావాలని అడిగాడు, మార్కర్ సంగతి చెప్తే తానే ఇంకో గేటు దాకా తీసుకెళ్ళి అప్పటి రాతి బావి చూపించాడు. అందరూ ఆయనలా ఉంటారని మాత్రం అనుకోకండి.

గోంగూర_380
మా హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) వాళ్ళు కంచెకి ఊదా రంగు వేయనివ్వరు. అందుకే చుట్టాలు ఆగట్లేదు.

సుజాత_టీచర్
నేను మిడిల్ స్కూల్లో పాఠం చెప్తాను. టెక్సస్ హిస్టరీ నాలుగులో ఒకసారి, ఏడులో మళ్ళీ వస్తుంది. కాబట్టి రాజు గారూ, ఇప్పుడు సరిగ్గా చూపిస్తే మూడేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది.

పిల్లలకి మార్కర్ చదివించే ముందు దాని వయసు చూడమంటాను. బూడిదరంగు గ్రానైట్ రాయి, దాని మీద కంచు నక్షత్రం ఉంటే అది ఎక్కువగా 1936 నాటిది. టెక్సస్ స్వాతంత్ర్యానికి నూరేళ్ళ పండగని ఆ ఏడాది రాష్ట్రమంతా పెట్టారు. అల్యూమినియం పోతపోసి, నల్లటి నేల మీద ఉబ్బెత్తు అక్షరాలు ఉంటే తర్వాతి కాలానిది. రెండూ ఒకే సంగతి చెప్పినా చెప్పే తీరు వేరు. పాతవాటిలో చనిపోయిన సెటిలర్లకి (వలస వచ్చి స్థిరపడ్డవాళ్ళకి) పేరుంటుంది, ఊరుంటుంది. అవతలివాళ్ళు ఎవరో, ఎందుకొచ్చారో ఉండదు. కొమాంచీలో, కయోవాలో, కాడోలో, ఏ తెగవాళ్ళో కూడా చెప్పకుండా అమెరికా ఆదివాసులందర్నీ "ఇండియన్లు" అని ఒక్క మాటలో కానిచ్చేస్తారు.

వీకెండ్_వాసు
మేడం, పిల్లల ప్రాజెక్టులో కూడా ఇదంతా అవసరమా? ఇళ్ళు తగలబెట్టారు, పిల్లల్ని ఎత్తుకుపోయారు. చచ్చినవాళ్ళ పేర్లు రాయకుండా ఎవరి పేర్లు రాస్తారు?

పాతబాటసారి
వాసు, ఇళ్ళు తగలబెట్టిన మాట నిజమే. ఎవరూ కాదనట్లేదు. 1864 అక్టోబర్ 13న ఎల్మ్ క్రీక్ దాడిలో వందలమంది కొమాంచీలు, కయోవాలు వచ్చి పడ్డారు. మగవాళ్ళు చాలామంది సివిల్ వార్‌లో ఉన్నారు, కాపలాకి ఉన్న సైన్యం చాలా తక్కువ. సెటిలర్లు ఎంతగా ఖాళీ చేసి వెళ్ళిపోయారంటే, యంగ్ కౌంటీ పాలనే 1865లో రద్దయింది. 1874లో గానీ మళ్ళీ ఏర్పడలేదు. ఒక కౌంటీకి కౌంటీయే తొమ్మిదేళ్ళు కాగితం మీద లేకుండా పోయింది.

కానీ అంతకు అయిదేళ్ళ ముందు సంగతి కూడా ఆ కౌంటీలోనే ఉంది. 1854లో ఫోర్ట్ బెల్నాప్‌కి దక్షిణాన బ్రజోస్ నది ఒడ్డున ప్రభుత్వమే రిజర్వేషన్ (ఇండియన్లు ఉండటానికి కేటాయించిన భూమి) పెట్టింది. కాడో, అనడార్కో, వాకో, టాంకవా వాళ్ళు అక్కడ పొలాలు దున్నుకుని బతికారు. వాళ్ళలో కొందరు సైన్యానికి స్కౌట్లుగా పనిచేశారు కూడా. పక్క సెటిలర్లు ఊరుకోలేదు. దాడులు ఎవరు చేసినా నింద వీళ్ళ మీదే. చివరికి 1859 వేసవిలో ఇండియన్ల వ్యవహారాలు చూసే సూపరింటెండెంట్ రాబర్ట్ నైబర్స్ వాళ్ళందర్నీ దగ్గరుండి రెడ్ రివర్ దాటించి ఇప్పటి ఓక్లహోమాకి చేర్చాడు. తిరిగొచ్చి సెప్టెంబర్ 14న బెల్నాప్ వీధిలో నడుస్తుంటే తుపాకీతో కాల్చి చంపేశారు. చంపింది తెల్లవాడే, ఎడ్వర్డ్ కార్నెట్. నైబర్స్ సమాధి బెల్నాప్‌లోనే ఉంది.

అక్కడికి వెళ్ళినప్పుడు కోట చూసి వచ్చేయకుండా ఆ స్మశానానికి కూడా వెళ్ళండి.

సీమబిడ్డ
ఈ గొడవ చదువుతుంటే మా అనంతపురం వైపు వీరగల్లులు గుర్తొస్తున్నాయి. మా అమ్మమ్మ ఊళ్ళో చెరువు కట్ట కింద ఒకటుంది. కింది వరసలో బాణం పట్టిన మనిషి, వాడి కాళ్ళ దగ్గర వరసగా ఆవులు. పై వరసలో వాడిని ఇద్దరు అప్సరసలు చెరో రెక్కా పట్టుకుని తీసుకుపోతుంటారు. అన్నిటికంటే పైన శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. ఊరి ఆవుల్ని తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాడి రాయి. ఆడవాళ్ళు ఇప్పటికీ పసుపు రాసి బొట్టు పెడతారు.

అందులో కూడా ఆవులు తోలుకుపోయినవాడి పేరు ఉండదు. వాడి ఊళ్ళో వాడికీ ఒక రాయి ఉంటుందేమో మరి.

నాన్నగారి_ఐప్యాడ్
మా అబ్బాయి ఇంటికి వచ్చి ఉన్నాను. చర్చ ఆసక్తిగా ఉంది కనుక ఒక మాట. పశువుల మేత, పుల్లరి, సరిహద్దు, ఈ మూడూ ఎక్కడ కలిస్తే అక్కడ రక్తం పారింది. నెల్లూరు సీమలో కాటమరాజుకూ నల్లసిద్ధికీ జరిగిన పోరు మేత గురించే కదా. నేను రెవెన్యూలో పనిచేశాను. ఏ బీడు మీద ఎవరికి హక్కు అన్న తగాదాతోనే నా సర్వీసు సగం గడిచింది. అక్కడ గొడ్డు అంటే కొమాంచీలకు అడవి దున్నల (బైసన్) మందలు, సెటిలర్లకు పెంపుడు ఆవుల మందలు. రెండింటికీ ఒకే గడ్డి కావాలి. ఇక గొడవ ఎలా తప్పుతుంది?

గోంగూర_380
అంకుల్, ఐప్యాడ్ మీవాడికి ఇవ్వొద్దు. మీరే రాయండి.

కరీంనగర్_కాకా
సీమబిడ్డ అన్నది కరెక్టే గని, మన వీరగల్లులు ఎవ్వలన్న కాపాడుతున్నరా? మా దిక్కు ఒకటి పశువులను కట్టేసే రాయి అయింది. ఇంకోటి కొట్టం గోడల వెట్టిన్రు. ఈళ్ళు గడ్డి తప్ప ఏం లేని జాగల గూడ పలక పాతి, దానికి మైలు ముందే బోర్డు వెడ్తున్నరు. రాజన్నకు అది తప్పు అనిపిచ్చింది, నాకైతే కుళ్ళు వుట్టింది.

సుజాత_టీచర్
వాసు గారి ప్రశ్నకి ఇంకో సమాధానం బ్రిట్ జాన్సన్ కథ. ఎల్మ్ క్రీక్ దాడి నాటికి ఆయన నల్లజాతి బానిస. ఆ రోజు కొడుకు చనిపోయాడు, భార్య మేరీనీ మిగతా పిల్లల్నీ ఎత్తుకుపోయారు. ఆయన వాళ్ళ కోసం ఇండియన్ల దగ్గరికే వెళ్ళాడు. 1865లో వాళ్ళు విడుదలై వచ్చారు. యుద్ధం అయ్యాక సొంతంగా బళ్ళు తోలుకుంటూ బతికాడు. 1871 జనవరిలో సాల్ట్ క్రీక్ దగ్గర కయోవాలు దాడి చేస్తే, తనతో ఉన్న ఇద్దరు నల్లజాతి బండివాళ్ళతో పాటు చనిపోయాడు. ముగ్గుర్నీ దారి పక్కన ఒకే గోతిలో పాతిపెట్టారు.

ఈయన ఎవరి పక్షం? పిల్లలు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతారు. నాకు కావలసింది అదే.

వీకెండ్_వాసు
ఇది తెలీదు. కానీ ఇలాంటివాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు మేడం, మిగతాదంతా సెటిలర్ల కథే.

పాతబాటసారి
ఒకరో ఇద్దరో కాదు. వెదర్‌ఫర్డ్ గ్రీన్‌వుడ్ స్మశానంలో బోస్ ఐకార్డ్ సమాధి ఉంది. బానిసగా పుట్టి, పైన కాకా చెప్పిన గుడ్‌నైట్–లవింగ్ తొవ్వలో మందలు తోలినవాడు. 1929లో చనిపోతే గుడ్‌నైటే రాయి చేయించి పెట్టాడు. తనతో నాలుగేళ్ళు పనిచేశాడని, చెప్పిన పని ఏనాడూ తప్పించుకోలేదని, కొమాంచీలతో మూడుసార్లు తలపడ్డాడని దాని మీద చెక్కించాడు. లవింగ్ సమాధి కూడా అదే స్మశానంలో ఉంది.

మెస్కీట్_మావయ్య
అసలు పెద్ద కేసు ఎవరూ ఎత్తలేదే. వారెన్ బండ్ల దాడి!

సీమబిడ్డ
మావయ్యా, సస్పెన్స్ వద్దు. రాయండి.

మెస్కీట్_మావయ్య
1871 మే 18. హెన్రీ వారెన్ అనే కాంట్రాక్టరు బళ్ళు సైన్యానికి సరుకులు మోసుకుపోతున్నాయి. పది బళ్ళు, పన్నెండు మంది. సాల్ట్ క్రీక్ మైదానంలో కయోవాలు చుట్టుముట్టారు. ఏడుగురు చచ్చారు, 41 కంచరగాడిదల్ని తోలుకుపోయారు. అసలు విశేషం ఏంటంటే, దానికి కొద్ది ముందే అదే దారిలో చిన్న ఎస్కార్టుతో ఒక పెద్దమనిషి వెళ్ళాడు. కయోవాలు కొండ మీద నుంచి చూసి కూడా వదిలేశారు. ఆ తర్వాత ఇంకా పెద్ద వేట వస్తుందని వాళ్ళ మంత్రగాడు మమన్‌తి చెప్పాడట. వదిలేసిన ఆ పెద్దమనిషి ఎవరో తెలుసా? జనరల్ షెర్మన్. మొత్తం అమెరికా సైన్యానికి అధిపతి. ఇక్కడ దాడులు జరుగుతున్నాయని సెటిలర్లు మొత్తుకుంటుంటే అతిశయోక్తి అనుకుంటూ తనిఖీకి వచ్చాడు. ఫోర్ట్ రిచర్డ్‌సన్‌లో ఉండగానే గాయపడ్డ బండివాడు కుంటుకుంటూ వచ్చి చెప్పాడు.

అక్కడితో సైన్యం విధానమే మారిపోయింది. మూడేళ్ళకి, 1874లో కల్నల్ మెకెంజీ పాలో డ్యూరో లోయలో గుడిసెలు తగలబెట్టి, వెయ్యికి పైగా గుర్రాల్ని కాల్పించాడు. గుర్రం పోయాక కొమాంచీకి ఇంకేం మిగులుతుంది?

సుజాత_టీచర్
కోర్టు కేసు కూడా చెప్పండి. మా పిల్లలు నాటకంగా వేసింది అదే.

మెస్కీట్_మావయ్య
దాడి చేసిన కయోవా నాయకులు సతాంక్, సతాంటా, బిగ్ ట్రీ ముగ్గుర్నీ ఇప్పటి ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌లో పట్టుకున్నారు. విచారణకి జాక్స్‌బొరో తీసుకొస్తుంటే దారిలో సతాంక్ తిరగబడి కాల్పుల్లో చనిపోయాడు. మిగతా ఇద్దర్నీ జూలైలో సైన్యం కోర్టులో కాకుండా మామూలు కోర్టులో నిలబెట్టారు. ప్రాసిక్యూటర్ శామ్యూల్ లాన్‌హామ్ తర్వాత్తర్వాత టెక్సస్ గవర్నర్ అయ్యాడు. జ్యూరీ ఉరి అంది. గవర్నర్ ఎడ్మండ్ డేవిస్ దాన్ని యావజ్జీవంగా మార్చి, 1873లో పెరోల్ ఇచ్చాడు. సతాంటాని మళ్ళీ పట్టుకున్నారు. 1878లో హంట్స్‌విల్ జైలు ఆసుపత్రి కిటికీ నుంచి దూకి చనిపోయాడు. 1963లో ఆయన అస్థికల్ని ఫోర్ట్ సిల్‌కి మార్చారు. బిగ్ ట్రీ బతికి, బాప్టిస్టు డీకన్ అయ్యి, 1929లో పోయాడు.

అంటే జాక్స్‌బొరో మెయిన్ రోడ్డు చూసి రాజు వెనక్కి తిరిగినది ఆ కోర్టు నడిచిన ఊరి నుంచే!

లిటిల్‌ఎల్మ్_రాజు
ఇవన్నీ పలక మీద వంద మాటల్లో రాస్తే ఎవరికి అర్థమవుతుంది మావయ్యా? నేను ఇప్పటికీ అదే అంటాను. పలక దగ్గర నిలబడితే తెలిసింది ఏమీ లేదు, ఇక్కడ చదివితే తెలిసింది.

నాన్నగారి_ఐప్యాడ్
ఈ పలకలు పెట్టేది ఎవరు? ప్రభుత్వమా? వాటికి చట్టపరమైన రక్షణ ఏమైనా ఉందా?

పాతబాటసారి
అంకుల్, టెక్సస్ హిస్టారికల్ కమిషన్ పెడుతుంది. రాష్ట్రంలో 254 కౌంటీలు, 16 వేలకు పైగా మార్కర్లు. అయితే దరఖాస్తు మొదలయ్యేది కింద నుంచి. స్థానికులు ఆధారాలతో చరిత్ర రాసి కౌంటీ హిస్టారికల్ కమిషన్‌కి ఇవ్వాలి, వాళ్ళు చూసి పైకి పంపుతారు. ఖర్చు సాధారణంగా స్పాన్సర్ చేసేవాళ్ళదే. అందుకే ఊళ్ళో ఎవరికి డబ్బూ, ఓపికా ఉంటే వాళ్ళ తాతల కథలే ఎక్కువగా పలకలెక్కాయి. సుజాత గారు చెప్పిన పేర్ల తేడాకి సగం కారణం ఇదే అని నా అభిప్రాయం. ఇప్పుడు మరుగున పడ్డ కథల కోసం వేరే పథకం ఉంది, వాటి ఖర్చు కమిషన్ నిధి నుంచి వస్తుంది.

చట్టం సంగతి: విషయం చెప్పే మామూలు మార్కర్ వల్ల ఆ స్థలానికి రక్షణ ఏమీ రాదు. భవనానికి ఇచ్చే ల్యాండ్‌మార్క్ గుర్తింపుకి మాత్రం కొంత రక్షణ ఉంది.

గోంగూర_380
రక్షణ లేదని ఒప్పుకుంటా. నేను చూసిన ఒక మార్కర్ మీద మూడు బుల్లెట్ సొట్టలు. అక్షరాలు వదిలేసి సరిగ్గా మధ్యలో కొట్టాడు ఎవడో, గురి బాగుంది.

సుజాత_టీచర్
రాజు గారూ, ప్రాజెక్టు సలహా. ఒక కాగితం మీద రెండు గడులు గీయించండి. ఒక మార్కర్‌లో పేరుతో ఉన్నవాళ్ళందరూ ఎడమవైపు, పేరు లేకుండా ఉన్నవాళ్ళు కుడివైపు. తర్వాత కుడివైపు వాళ్ళలో ఒక్కరి పేరు బాబునే వెతకమనండి. నేనైతే దానికి ఫుల్ మార్కులు వేస్తాను.

వీకెండ్_వాసు
ఎడమవైపు వాళ్ళని తక్కువ చేయకుండా ఉంటే నాకూ ఓకే. తొమ్మిదేళ్ళు కౌంటీయే లేకుండా పోయిన చోటికి తిరిగొచ్చి కాపురం పెట్టడం చిన్న విషయం కాదు.

కరీంనగర్_కాకా
గిప్పుడు మంచిగ మాట్లాడినవ్ తమ్మీ. స్టాక్‌యార్డ్స్ తర్వాత పోదువు గని.

లిటిల్‌ఎల్మ్_రాజు
వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం. ముందు ఫోర్ట్ రిచర్డ్‌సన్, తర్వాత గ్రాహం మీదుగా బెల్నాప్. మా ఆవిడ షరతు: రోడ్డు పక్క పలకల దగ్గర రెండుసార్లకి మించి ఆపకూడదు. ఏ రెండు ఆపమంటారు? బెల్నాప్‌లో కూర్చుని తినడానికి నీడ ఉంటుందా?

పాతబాటసారి
వారెన్ దాడిది ఒకటి, బ్రిట్ జాన్సన్‌ది ఒకటి. రెండూ యంగ్ కౌంటీలోనే. కమిషన్ వాళ్ళ ఆన్‌లైన్ అట్లాస్‌లో పేరు కొడితే ఎక్కడుందో వస్తుంది, ఇంట్లోనే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. బెల్నాప్‌లో పెద్ద ద్రాక్ష పందిరి ఉంది, దాని కిందే తినొచ్చు. 1851 నాటి కోట కాబట్టి ఎక్కువ భాగం 1936లో మళ్ళీ కట్టింది. మందుగుండు దాచిన రాతి గది మాత్రం పాతదే, అది బాబుకి చూపించండి.

మెస్కీట్_మావయ్య
పెట్రోలు గ్రాహంలోనే కొట్టించుకోండి, బెల్నాప్ పక్కనున్న న్యూకాసిల్ చిన్న ఊరు. గడ్డిలో పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వకండి, రాటిల్‌స్నేక్‌లు ఉంటాయి. మ్యూజియానికి ముందే ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

నాన్నగారి_ఐప్యాడ్
రాజు గారూ, మీ కారులో ఒక సీటు ఖాళీ ఉంటుందా? మా అబ్బాయికి శనివారం ఆన్‌కాల్ అట.

లిటిల్‌ఎల్మ్_రాజు
తప్పకుండా అంకుల్. అడ్రస్ మెసేజ్ చేయండి, ఆరింటికల్లా వచ్చేస్తాం. డెంటన్ ట్రాఫిక్ మొదలవకముందే దాటేయాలి.